నాలుగు శాతం

"మీ క్విన్‌కి నాలుగంటే నాలుగే శాతం, మార్లిస్ గారూ!" బడి ఆటల హాల్లో అవతలి మూల నుంచి అరిచాడు డ్వేన్. "అందులోనూ అయిదు అటూ ఇటూ తేడా ఉండొచ్చట. అంటే ఆవిడకి మైనస్ ఒకటి కూడా రావచ్చు!"

అతని వెనక నిలబడ్డ పదమూడు మందీ విరగబడి నవ్వారు. ఇవతలి మూల మార్లిస్ ఒక్కతే ఉంది. పక్కన బల్ల మీద ఆమె చేసి తెచ్చిన గుమ్మడికాయ కేకు ఉంది. డ్వేన్ అప్పటికే మూడు ముక్కలు లాగించాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు. ముందు ఆ మూతి తుడుచుకోరా," అంది మార్లిస్.

ఆమెకి డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. విత్తనాల దుకాణం పెట్టి పెద్దమనిషైనా, డ్వేన్ ఆమె కంటికి ఇంకా వెనక సీట్లో కూర్చుని అల్లరి చేసే కుర్రాడే.

అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకునే సాయంత్రం అది. అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలో ఆ పని అందరి ఎదుటా జరుగుతుంది. చీటీలుండవు, పెట్టెలుండవు. తమ అభ్యర్థి పేరు రాసిన మూలకి వెళ్ళి నిలబడాలి. సరిగ్గా ఏడింటికి తలుపులు మూసి తలలు లెక్కపెడతారు.

"ఏ సర్వేరా నువ్వు చెప్పేది?"

"మన రేడియో వాళ్ళదేనండీ. మధ్యాహ్నం పూట ఇళ్ళకి ఫోన్లు చేసి మరీ అడిగారు. మన ఊళ్ళో పాతికమందిని. మా హాడ్లీకి ఎనభై నాలుగు శాతం!"

"పాతికమందిని అడిగితే ఊరంతా తెలిసిపోతుందా?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా? ఒక్క మెతుకు చాలదూ?"

"మెతుకు ఉడికిందో లేదో మెతుకు చెప్పదు, పట్టుకున్న వేలు చెప్పాలి," అంది మార్లిస్. "సరే, అది వదిలెయ్. నీ మనవడు ఎక్కడ పుట్టాడ్రా?"

డ్వేన్ నవ్వు కాస్త తగ్గింది. "అదిప్పుడెందుకండీ?"

"నీ ట్రక్కులో పుట్టాడు. ఊరి ఆసుపత్రి మూసేస్తే నలభై రెండు మైళ్ళు పోవాల్సొచ్చి, దారిలో మంచులో. దాన్ని మళ్ళీ తెరిపిస్తానన్నది క్విన్ ఒక్కతే. నా వంటింట్లో కూర్చుని, నా చేతి సూపు తాగి మరీ చెప్పింది. మీ హాడ్లీ మన ఊరి పేరైనా సరిగ్గా పలికాడా?"

"మాట మంచిదేనండీ. గెలిచే గుర్రం కాదే!" అన్నాడు డ్వేన్. "పందెం గుర్తుందిగా? ఓడితే ఎండాకాలం దాకా మీ ఇంటి ముందు హాడ్లీ బోర్డే."

"గుర్తుంది. నేను గెలిస్తే నీ దుకాణం ముందు క్విన్ బోర్డు. అది సరేగానీ, ఎప్పుడూ అరవైమందికి తగ్గరే మీవాళ్ళు. మిగతావాళ్ళేరీ?"

"ఎటూ గెలిచేదానికి ఈ చలిలో ఎందుకని ఇళ్ళల్లోనే ఉండిపోయారు. మీకు మేం పద్నాలుగు మందిమి చాలమా?"

మార్లిస్ గోడ గడియారం చూసింది. ఏడుకి ఆరు నిమిషాలు. కిటికీలోంచి మంచు దారి వైపు తొంగిచూసింది. మంచులో బస్సు నడపడం ఎంత కష్టమో ఆ ఊళ్ళో ఆమె కన్నా తెలిసినవాళ్ళు లేరు.

అప్పుడు కిటికీల మీద బస్సు దీపాల వెలుగు పడింది.

తలుపు తోసుకుని ఒక్కొక్కరే లోపలికొచ్చారు ఊరి బొంతల సంఘం ఆడవాళ్ళు. చేతికర్రలతో కొందరు, నడక బళ్ళు తోసుకుంటూ కొందరు. తాము కుట్టిన రంగురంగుల బొంతలే భుజాల నిండా కప్పుకుని, హాలు అడ్డంగా దాటి నేరుగా మార్లిస్ మూలకే నడిచారు.

డ్వేన్ ఫోన్ తీసి, ఇంట్లో ఉండిపోయిన తనవాళ్ళలో ఒకడికి చేశాడు. "కార్ల్! బూట్లు తర్వాత తొడుక్కుందువుగానీ, ముందు పరిగెత్తుకు రా!"

గ్రంథాలయం నడిపే నోరీన్ ఆ రోజు లెక్కల పెద్ద. ఏడు కొట్టగానే తలుపు మూసి గడియ పెట్టింది. బయట కార్ల్ ఇంకా దారిలోనే ఉన్నాడు.

"ఎవరి అంకె వాళ్ళే గట్టిగా చెప్పండి," అంది నోరీన్. క్విన్ మూలలో లెక్క యూనిస్ దగ్గర ఆగింది. ఎనభై ఏడేళ్ళ యూనిస్ చిరునవ్వుతో చూస్తూ ఊరుకుంది. పక్కావిడ చెవిలో అరిస్తేగానీ "పదిహేడు!" అని హాలు అదిరేలా చెప్పలేదు.

"హాడ్లీకి పద్నాలుగు. క్విన్‌కి ఇరవై నాలుగు!"

హాల్లో కేరింతలు మిన్నంటాయి. చేతికర్రలు గాల్లోకి లేచాయి. ఎవరో మార్లిస్ భుజాల మీద బొంత కప్పారు. బస్సులో రెండు తరాల్ని మోసిన మనిషి, ఇవాళ ఊరంతా తననే మోస్తున్నట్టు పొంగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, అందరికీ కేకు పంచింది. డ్వేన్‌కి నాలుగో ముక్క తనే అందించింది.

అతను దాన్ని కొరక్కుండానే అడిగాడు.

"బోర్డు రేపు పొద్దున్నే పెడతాలెండి. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండి ఫోనెత్తేది మీ సంఘం వాళ్ళేగా? మీరంతా క్విన్ మనుషులైతే, సర్వేలో ఆవిడకి నాలుగు శాతమే ఎందుకొచ్చింది?"

మార్లిస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అసలు సున్నా రావాలి. ఆ నాలుగూ యూనిస్ పనిరా. ఫోనొస్తే హాడ్లీ అనే చెప్పాలని సంఘంలో అందరం అనుకున్న రోజున చెవిమిషను ఇంట్లో మర్చిపోయి వచ్చింది, వాళ్ళడగ్గానే నిజం చెప్పేసింది!"