అరగని చెప్పులు

తన ఇంట్లో మగమనిషి లేడన్న సంగతి కొత్తవాళ్ళకు తెలిసిపోతుందేమోనని శృతికి అన్నిటికంటే ఎక్కువ భయం.

భర్త మహారాష్ట్రలోని భీవండి బట్టల మిల్లులో పనికని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. చిట్యాల శివారులో చివరి ఇల్లు ఆమెది. ఇంట్లో ఒక కుట్టుమిషను, ఐదేళ్ళ కూతురు మేఘన. అంతే.

అందుకే గడప ముందు ఒక జత మగ చెప్పులు కొని పెట్టింది. దండెం మీద గళ్ళ చొక్కా ఒకటి ఎప్పుడూ ఆరుతూనే ఉండేది.

కొత్తవాళ్ళు గేటు తీస్తే చాలు, మేఘన లోపలి గదిలోకి ఉరికి గొంతు బొంగురు చేసి దగ్గేది. తల్లి నేర్పిన విద్యే.

ఎదురింటి ఓదెమ్మ ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివింది. "ఆమె మొగడా? ఉన్నడు. గింతింత మీసాలు. కోపమొస్తే మనిషే కాదు," అని ఎవరడిగినా చెప్పేది.

పింఛన్ల సర్వేకు వచ్చినవాళ్ళకూ అదే చెప్పింది.

నోటీసు వచ్చింది. ఒంటరి మహిళనని పింఛను తీసుకుంటున్నావు, ఇంట్లో భర్త ఉన్నాడని తేలింది, ఇన్నాళ్ళు తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, చెప్పుకునేది ఉంటే సోమవారం మండల ఆఫీసుకు రావాలి అని.

శృతి కుట్టుమిషను వైపు చూసింది. అమ్మడానికి ఇంట్లో అదొక్కటే ఉంది.

"నువ్వు పుట్టించిన మీసాల మొగడు నా కొంప ముంచిండు అవ్వా," అంది ఓదెమ్మతో.

ఓదెమ్మ నెత్తి కొట్టుకుంది. "సర్కారోళ్ళని నాకేం ఎరుక బిడ్డా? మెడల సంచులేసుకొని వస్తే దొంగలేమో అనుకున్న."

"మరి సోమవారం వచ్చి మొగడు లేడని చెప్తవా?"

"చెప్త. కని, మొన్న ఉన్నడన్నవ్, ఇయ్యాల లేడంటున్నవ్, ఏడ దాచినవ్ అంటే ఏం జెయ్యాలె?"

శృతికి ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి బండి దిగి గేటు తీశాడు. నెరిసిన గడ్డం, భుజాన సంచి. ఎన్నడూ చూడని ముఖం.

"జర మంచినీళ్ళు ఇస్తవా అమ్మా?"

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది.

శృతి తలుపు తియ్యలేదు. కిటికీ ఊచల్లోంచి గ్లాసు అందించింది.

అతను అరుగు మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగుతూ ఒక చెప్పును తిరగేసి చూశాడు.

"చెప్పులు మంచిగున్నయి. మీ ఆయనవా?"

"అవును. లోపల పండుకున్నడు. లేపితే ఊకోడు."

మళ్ళీ దగ్గు. ఈసారి చివర్లో గొంతు కీచుమంది.

"దగ్గు బాగనే పట్టింది పాపం," అన్నాడతను, ముఖంలో నవ్వన్నది లేకుండా. "పాలల్ల పసుపేసి తాపియ్యి."

"తాపిస్త. మీరు పోండ్రి. ఆయన లేస్తే మంచిగుండదు."

అతను గ్లాసు కిటికీలో పెట్టి లేచాడు. దండెం మీది చొక్కాను ఒకసారి చూసి, ఓదెమ్మ వాకిట్లో ఆగాడు.

"అవ్వా, గా ఇంట్ల మొగోళ్ళు ఉన్నరా?"

అలవాటైన నోరు ఆగలేదు. ఓదెమ్మ ఈసారి ఆ లేని మొగడికి మీసాలతో పాటు చేతికి గొడ్డలి కూడా ఇచ్చింది.

సోమవారం ముగ్గురూ ఆటో ఎక్కారు. దారి పొడుగునా శృతి ఒకటే మాట లోలోపల చెప్పుకుంటోంది: మా ఇంట్ల మొగోళ్ళు ఎవరూ లేరు సార్. ఇన్నేళ్ళు దాచిన మాట. పెదవి దాటి రానంటోంది.

ఆఫీసు గుమ్మంలో అటెండరు వాల్యా ఆమె పేరు అడిగి నవ్వాడు.

"నీ నోటీసు రద్దయింది అక్కా. ఏం కట్టే పని లేదు. పింఛను ఎప్పటి లెక్కనే వస్తది."

"ఎవరు జేసిండ్రు?"

"కైసర్ సారు. శనివారం మీ ఇంటికి విచారణకొచ్చిండు గదా, గడ్డం సారు."

శృతి ఓదెమ్మ వైపు చూసింది.

ఓదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "అవ్వో, ఆయనకు గొడ్డలి గూడ చెప్తి గదనే."

"అన్నీ చెప్పిండు," అన్నాడు వాల్యా. "మీ ఊరోళ్ళు భీవండిల ఉన్నరు గదా, వాళ్ళకు ఫోన్ జేసి మీ ఆయన సంగతంత కనుక్కొని రాసిండు. నీకో మాట చెప్పుమన్నడు. చెప్పుల అడుగులు అరగనే లేదట. అప్పుడప్పుడు ఏసుకొని వాకిట్ల తిరుగు, లేకుంటే దొంగోడు గూడ కనిపెడ్తడు అన్నడు. పాపను ఇంకా జర గొంతు దించి దగ్గుమన్నడు."

మేఘన అక్కడికక్కడే గొంతు దించి దగ్గింది. ఆఫీసంతా నవ్వింది. శృతి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"సారు ఏడున్నడు? తలుపన్న తియ్యకపోతిని. కిటికీలకెల్లి ఇన్ని నీళ్ళిస్తి. ఒక్కసారి దండం పెట్టిపోత."

"ఇంకేడి సారు? శనివారమే రిటైరయిండు. మీదే ఆయన ఆఖరు పని."

"నా మీద కోపమొచ్చిందా అన్నా?"

"కోపమా? తలుపు తియ్యలేదని మురిసిండు. వాళ్ళ నాయిన పోయినంక వాళ్ళమ్మ రబియా బీ గూడ గడప ముంగట గిట్లనే మొగోళ్ళ చెప్పులు పెట్టేదట," అన్నాడు వాల్యా. "చిన్నప్పుడు లోపల కూసొని దగ్గేది ఈ సారేనట."

మీ వాడలో ఏ గడప ముందైనా అడుగు అరగని మగ చెప్పులు కనిపిస్తే, తలుపు తియ్యమనకుండా, కిటికీ దగ్గరే నిలబడి, ఆమె ఎట్లుందో ఒకసారి అడిగి రండి.