ముప్పైరెండు బోరు

“ఏమయ్యా, ఎర్ర పెట్టె ఒకటి తగ్గిందే? ఓబులప్పకు రివాల్వర్ గుండ్లు ఇచ్చినావా?”

కుమారి కేక మదనపల్లె బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. తుపాకుల అంగట్లో ఇడ్లీ తింటున్న ఆమె మొగుడు దామోదర్‌కు పొలమారింది.

“ఆయనది పిస్తోలు! దానికి పొట్టి గుండ్లు, నీలం పెట్టె. రెండూ ముప్పైరెండు బోరే అయినా పొడుగువి దాంట్లో దూరవని ఊరందరికీ సెప్పేది నువ్వేగదా!” అంది కుమారి.

“ముప్పైరెండంటే నాకు పళ్ళే గుర్తొస్తాయి,” అంటూ ఆ ముప్పైరెండూ బయటపెట్టాడు దామోదర్. నవ్వు మాత్రం రాలేదు.

“ఆయన పెండ్లాం రామక్క ఉండింటే పెట్టె ఇప్పి సూసుండును. పాపం, ఆయమ్మ పొయ్యి రెండు నెల్లాయ. ఇప్పుడా మొగోడు కుప్పం తోటలో ఒంటిగా ఏనుగులకు ఎదురుబడి, తీరా గుండు ఎక్కకపోతే...”

ఆ మాట ఆమె పూర్తి చెయ్యలేదు. నాలుగు రోజులుగా దామోదర్ దాన్నే లోలోపల పూర్తి చేసుకుంటున్నాడు. పుంగనూరు ఓబులప్పకు మూడు బోర్లూ ఎండిపోయి, మిగిలింది ఈ ముప్పైరెండు బోరొక్కటే. ఏనుగుల్ని తోలాలంటూ ఆయన గుండ్లు అడిగిన తీరు ఇంకా చెవుల్లోనే ఉంది.

“ఒక్కటి సాలప్పా.”

“ఏనుగేమన్నా ఫొటోకు నిలబడినట్టు నిలబడతాదాన్నా? విడిగా అమ్మం, పెట్టె తీసుకో,” అని తన చేత్తోనే తీసిచ్చాడు.

మామూలుగా అయితే ఓబులప్ప మర్నాడే వచ్చి అంగడి కప్పు ఎగరగొట్టేవాడు. రాలేదు. ఫోనూ ఎత్తలేదు. ఇక ఆగలేక దామోదర్ సంచి సర్దుకుని బస్సెక్కాడు.

పుంగనూరులో ఇంటికి తాళం. పక్కింటి ఈశ్వరమ్మ ఓబులప్ప ఆవుకు గడ్డి వేస్తోంది.

“కుప్పం తోటకు పొయినాడప్పా. ఆవును నాకే ఇచ్చేసినాడు. తాళంచెవి గూడా. ఏనుగుల్ని తోలేకి పొయ్యేటోడు ఆవును ఇచ్చేసేదేందో!”

దామోదర్ మళ్ళీ బస్టాండుకు పరుగెత్తాడు. కుప్పం బస్సులో సంచి ఒళ్ళో హత్తుకుని కూర్చున్నాడు.

“సంచిలో ఏముండాదన్నా, బాంబా?” అన్నాడు కండక్టరు.

“సద్ది.”

ఇంకో రోజైతే సద్దికీ సద్దుకీ ముడిపెట్టి బస్సంతా నవ్వించేవాడు. ఇవాళ సద్దు చెయ్యలేదు. ఓబులప్పను ఏనుగు తొక్కి ఉంటే, ఆ పాపం ఏనుగుది కాదు, తనది.

తోటలో షెడ్డు ముందు మంచం మీద ఓబులప్ప కనిపించాడు. గడ్డం మాసింది. ప్రాణం ఉంది. దామోదర్ సంచి దించి మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

“గుండు ఎక్కలేదు దామోదరా,” అన్నాడు ఓబులప్ప తల ఎత్తకుండా.

“ఏనుగు మీదికొచ్చిందా?”

“ఏనుగులు ఈ పక్కకొచ్చి ఏడాదాయ.”

దామోదర్ సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

“ఇరవై ఏండ్ల అంగడోడివి, ఇంత తప్పు సేస్తావా?” అన్నాడు ఓబులప్ప. “నీలం పెట్టె తెచ్చినావా? ఈడియ్యి.”

దామోదర్ సంచి విప్పాడు. కుమారి కలిపిన చిత్రాన్నం, రెండు అరిటాకులు. ఒక ఆకు ఓబులప్ప ముందు పరిచాడు.

“తప్పు గాదన్నా, నువ్వు ఒక్కటి సాలన్నప్పుడే పెట్టె మార్చినా.”