వాసిలీ విమానంలో రేడియో

"నా మొగుణ్ని చంపింది నువ్వే," అంది ఒకలీనా, అందరూ వింటుండగా.

ఉత్తరాన చలిదేశంలో డిల్లింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో, రన్‌వే పక్కనున్న హాలది. ఆ మధ్యాహ్నం ముప్పైమంది దాకా వచ్చారు. అందరూ చిన్న విమానాలు నడిపేవాళ్లే. ఎదురుగా కుర్చీలో, టోపీ ఒళ్లో పెట్టుకుని హెర్షెల్ కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో విమానాలకు రేడియోలు బిగించేది ఆయనొక్కడే.

రోడ్డు లేని పల్లెలకు టపా అయినా, సరుకైనా, మనిషైనా ఆ విమానాల్లోనే వెళ్లాలి. మబ్బులో దారి చూపేదీ, మిగతావాళ్లతో మాట కలిపేదీ ముందు ప్యానెల్లో బిగించిన ఒక్క రేడియో పెట్టే. ఒకలీనా భర్త వాసిలీ కొత్తది కొన్నాడు. హెర్షెల్ బిగించాడు. మూడు వారాలకే వాసిలీ ఇలియామ్నా సరస్సు మీద పొగమంచులో కనపడకుండా పోయాడు. రెక్క ముక్కొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మిగతాదంతా అడుగు తెలియని నీళ్లలో ఉండిపోయింది.

ఆ రోజు దగ్గర్లోనే ఇంకో నాలుగు విమానాలు తిరుగుతున్నాయి. ఒక్కరికీ వాసిలీ గొంతు వినపడలేదు.

ఇది జరిగి రెండేళ్లు. ఈ రెండేళ్లూ ఒకలీనాను నిలబెట్టింది చెల్లెలు నాస్తా. ఆమెదీ టపా విమానమే. పొద్దున్న ఎగరబోయే ముందొకసారి, దిగాక ఒకసారి అక్క దగ్గరకొచ్చేది. తిండి మానేస్తే పొగపెట్టిన సాల్మన్ చేప తుంచి నోట్లో పెట్టేది. వాసిలీ బట్టలు మూటగట్టేటప్పుడు అక్కకన్నా ఎక్కువ ఏడ్చింది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలక్కా అంటూ ఇల్లిల్లూ తిరిగి ఈ సభ పెట్టించిందీ ఆమే.

రేడియో సరిగ్గా బిగించావా అని హెర్షెల్‌ను అడిగారు. బిగించానన్నాడు. పరీక్షించావా అన్నారు. గాల్లోకి వెళ్లి మరీ పరీక్షించానన్నాడు. మరెందుకు పలకలేదని అడిగారు.

ఆయన నాస్తా వైపు చూశాడు. నాస్తా కిటికీలోంచి రన్‌వే చూస్తోంది.

"నేను చెప్పేదేం లేదు," అన్నాడు.

ఇకమీదట ఆయన చేతికి ఎవరూ విమానం అప్పగించకూడదని తీర్మానమైంది. ఎత్తని చెయ్యి లేదు.

నాలుగు రోజులకు హెర్షెల్ షెడ్డు ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. వెళ్లొద్దని నాస్తా మరీమరీ చెప్పింది. పీడ వదిలిందనుకోమంది. అయినా ఒకలీనా వెళ్లింది.

చిన్నప్పుడు ఆ షెడ్డు ఆమెకు రెండో ఇల్లు. హెర్షెల్‌ను బాబాయ్ అనేది. ఆయన తన హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించి, వాళ్ల నాన్న దిగుతున్నానని చెప్పే మాట వినిపించేవాడు.

ఇప్పుడాయన వైర్లు చుట్టి అట్టపెట్టెల్లో పెడుతున్నాడు. ఆమెను చూసి, టీ తాగుతావా అన్నాడు.

"నీ టీ ఎవరిక్కావాలి. నిన్ను బాబాయ్ అన్నందుకు నా నోరు కడుక్కోవాలి," అంది. "ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. తప్పు జరిగిందని ఒక్క మాట అను. నేనెవరికీ చెప్పను. ఇంటికెళ్లి నిద్రపోతాను."

ఆయన ఇంకో వైరు చుట్టాడు. ఒకలీనా బల్ల మీద పేర్చిన పాత పని పుస్తకాలు చూసింది. ఏ విమానానికి ఏ రోజు ఏం చేశాడో వాటిలో రాస్తాడు; ఎందుకో విమానం సొంతదారు కింద రాసి సంతకం పెడతాడు. రెండేళ్ల కిందటిది లాగబోయింది. హెర్షెల్ దాని మీద చెయ్యేశాడు.

"అది వదిలెయ్ తల్లీ. తప్పు నాదే అనుకో. నేనెలాగూ వెళ్లిపోతున్నాను."

"అంటే ఇందులో ఉందన్నమాట."

"నువ్వు చదవాల్సింది కాదు."

"ఆయన నా మొగుడు. నేను కాక ఎవరు చదవాలి?"

 హెర్షెల్ చెయ్యి తీసేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఒకలీనా గబగబా పేజీలు తిప్పింది. రేడియో బిగించిన పేజీ దొరికింది. తప్పేమీ కనపడలేదు. అన్నీ సరిచూసినట్టు గుర్తులున్నాయి. ఇంకా తిప్పింది. వాసిలీ సంతకం చూసి ఆగింది.

అతను పోవడానికి నాలుగు రోజుల ముందు, ఆ రేడియోను అతని విమానంలోంచి విప్పి, బదులు ఇంకోటి పెట్టకుండా, నాస్తా విమానంలో బిగించినట్టు రాసి ఉంది, కింద కారణం అన్నచోట వాసిలీ సొంత దస్తూరీ: "తను క్షేమంగా దిగానని చెప్పేదాకా నాకు ప్రాణం నిలవడం లేదు."