నాలుగో ఓటు

మా బూత్ లెక్కల కాగితంలో మామయ్య పార్టీకి ఎదురుగా సున్నా ఉంది.

ఊరంతా ఒక పార్టీ అయితే, సైకిల్ షాపు మీద జెండా కట్టిన మా మామయ్యది ఇంకో పార్టీ. "ఊళ్లో మనకి పడేవి మన ఇంటి నాలుగు ఓట్లేనమ్మా, అవైనా గట్టిగా పడాలి" అని పోలింగ్ రోజు మమ్మల్ని వరసగా నడిపించుకెళ్లారు. తిరిగొచ్చాక అందరి వేళ్ల మీద సిరా చూసిగానీ కాఫీ తాగనివ్వలేదు.

ఇప్పుడు కళ్లజోడు సవరించుకుని, ఆ సున్నాని గోటితో గీకి మరీ చూశారు.

"తప్పు నాదే మామయ్యా. రోడ్డు వేస్తామన్నారని అవతలివాళ్లకి వేశాను" అన్నాను.

"నేనూ అంతే నాన్నా" అన్నారు మా ఆయన నేలచూపులు చూస్తూ.

అత్తయ్య వంకాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "నేను ముప్పై ఏళ్లుగా అటే" అంది.

మామయ్య ఇల్లెగిరిపోయేలా అరిచారు. "ఇంట్లోనే వెన్నుపోటా! మీకసలు సిగ్గుందా?"

"అరవకండి" అంది అత్తయ్య. "మేం ముగ్గురమేగా. మరి నాలుగో ఓటేదీ?"

మామయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపరే!

"మీ మూడూ ఎలాగూ పడతాయిగా అని ధైర్యం చేశానే" అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "ఆ గుంతల్లో నా సైకిల్ వెనక కూర్చున్న ప్రతిసారీ నీ నడుం పట్టేస్తోందిగా."