ఐదో పుస్తకం

"ఐదోది లేకుండ ఆరోది చదవొద్దు బాపూ. వరుస తప్పితే కథంత పాడైతది."

సంగీత నాలుగు పుస్తకాలు చాప మీద పరిచింది. దేవ్‌సింగ్ పవర్‌హౌస్‌లో డ్యూటీ దిగి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు.

"పురాణమే గదా. దానికి వరుసేంది?"

"పురాణంల వాళ్లే. కానీ అందరు నా ఈడు పిల్లలు. పాములయి మూడు, గద్దలయి రెండు, రెండు కథలు కలిసేటియి రెండు. పాములయి అన్నీ ఒకేసారి చదివితే గద్దలు ఎందుకు పగబట్టినయో తెల్వదు. పాములది ఒకటి, గద్దలది ఒకటి, మళ్ల పాములది. గిట్ల."

మొదటి పుస్తకంలోంచి ఒక చీటీ తీసి చూపించింది. ఏడు పుస్తకాల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి.

"నాలుగోదాని ఆఖర్న నాగపిల్ల విషం తాగి పడిపోతది. బతికిందో లేదో ఐదోదాంట్ల ఉంటది. అమ్మ తెస్త అన్నది."

దేవ్‌సింగ్ ముఖం తిప్పుకున్నాడు. భార్య ప్రమీల చనిపోయి ఏడు నెలలు. ఆఖరి వారంలో వరంగల్ దవాఖానాకు తీసుకుపోతే, "జబ్బు ఇంత ముదిరేదాక ఏంజేస్తున్నవయ్యా?" అని డాక్టరు నలుగురిలో నిలదీశాడు. తలెత్తలేకపోయాడు. ఒక్క మాట ముందు చెప్పలేదని చచ్చిపోయిన మనిషి మీద ఇప్పటికీ కోపమే. చెబితే ఏం చేసేవాడో మాత్రం ఆలోచించలేదు. పక్క క్వార్టరు పూల్‌సింగ్ భార్య మంచం పడితే, పుట్టింటికి తోలెయ్యమని సలహా ఇచ్చింది దేవ్‌సింగే. అప్పుడు అన్నం వడ్డిస్తూ ప్రమీల అక్కడే ఉంది.

ఆ పుస్తకాలు ఆగిపోవడానికి కారణం కూడా దేవ్‌సింగే.

పోయిన ఏప్రిల్ నుంచి ప్రమీల నెలకోసారి పొద్దున్నే ఖమ్మం బస్సెక్కేది. పొద్దుగూకే వేళకు ఒక పుస్తకంతో వచ్చేది. వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. తండా వదిలి పదేళ్లయినా, వానాకాలం వచ్చేసరికి మళ్లీ తలమీద కొంగు కప్పడం మొదలుపెట్టింది.

"కాలనీల ఉండుకుంట మళ్ల తండా ఏషమేంది?" అని అతను నవ్వాడు.

"ముసల్దాన్నైతున్న గదా," అని ఆమె కూడా నవ్వింది.

ఆగస్టులో జెండా పండుగ నాడు ప్లాంటులో మిఠాయి పంచితే పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చాడు. పొయ్యి రాజెయ్యలేదు. ప్రమీల పడుకుని ఉంది.

"వచ్చే వారం ఖమ్మం పోయొస్త," అంది లేవకుండానే.

"పిల్లల కథల కోసం బస్సులెక్కి తిరుగుతవా? మొగుడికి బువ్వ ఒండవు. ఇంకోసారి పోతే ఆడ్నే ఉండు."

"ఇంక మూడే ఉన్నయి."

"మూడు లేదు, ముప్పై లేదు. బంద్!"

కూతురి ముందే అన్నాడు. ప్రమీల మళ్లీ అడగలేదు.

వారపు సెలవు రోజున దేవ్‌సింగ్ చీటీ జేబులో పెట్టుకుని ఖమ్మం పోయాడు. నలభై ఐదేళ్లవాడు పిల్లల పుస్తకాలు అడగాలి. గిరాకీలందరూ పోయేదాకా పుస్తకాల దుకాణం బయటే నిలబడ్డాడు. తర్వాత మాట్లాడకుండా చీటీ చాపాడు.

దుకాణం నడిపే జగదీష్ దాన్ని చూసి నవ్వాడు. "ఇది నా రాతే అన్నా. పాల్వంచ ప్రమీలమ్మకు రాసిచ్చిన. ఏ పుస్తకం తర్వాత ఏది చదవాలని ఒకటే అడుగుడు."

"అవ్. నా పెండ్లామే. ఐదు, ఆరు, ఏడు కావాలె."

"ఆమెకు ఏడూ ఇచ్చిన గదా."

"నాలుగే తెచ్చింది. నెలకొకటి."

"నెలకొకటి యాడిది అన్నా? ఎండకాలం మొదట్ల ఒక్కసారే ఏడూ కట్ట కట్టించుకుని పోయింది. మళ్ల మా దుకాణం మొఖమే చూడలే."

దేవ్‌సింగ్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పుస్తకాలన్నీ ఒక్కరోజే కొంటే, నెలనెలా ఎక్కడికి పోయింది? ఎవరి దగ్గరికి? కొత్తగూడెం దాటేసరికి జవాబు తనే చెప్పుకున్నాడు. తలమీద కొంగు ఎందుకో కూడా తెలిసిపోయింది. ఎవరూ గుర్తుపట్టకుండా. పక్క సీటులో పాల్వంచ మనిషి పలకరిస్తే తలెత్తి చూడలేకపోయాడు. బస్సులో అందరికీ తెలుసేమో అనిపించింది.

ఇంట్లోకి వస్తూనే ప్రమీల ట్రంకు పెట్టె బయటికి లాగాడు. చీరలు నేలమీద పడేశాడు. అడుగున, పాత తువ్వాలులో చుట్టి మూడు పుస్తకాలున్నాయి.

"దొరికినయా!" సంగీత పరుగున వచ్చి ఐదోది అందుకుంది. అందులోంచి మడిచిన అట్టముక్క ఒకటి జారిపడింది. దేవ్‌సింగ్ ముందుగా దాన్ని లాక్కున్నాడు.

ఏడు తారీఖులు. తెలియని చేతిరాత. మొదటి నాలుగింటి పక్కన టిక్కులున్నాయి. ఆ నాలుగూ ఆమె ఖమ్మం పోయిన రోజులే. ఐదోది జెండా పండుగ తర్వాత వారానికి ఉంది. దానికి టిక్కు లేదు, ఆ కింది రెండింటికీ లేదు.

"మీ అమ్మ పుస్తకాలకు పోలే," అన్నాడు. "ముందే తారీఖులు రాయించుకుని మరీ పోయింది. ఎవడో ఉన్నడు ఆడ. అందుకే నేను వద్దంటే అట్ల మొఖం మాడ్చుకున్నది. చూడు, నీ తల్లి ఎసొంటిదో!"

సంగీత ఏడవలేదు. తండ్రి చేతిలోంచి అట్టముక్క తీసుకుని రెండో వైపు తిప్పింది. అచ్చులో ఉన్న అక్షరాలు చదువుకుంది. ఆ వైపే పైకి ఉండేలా పట్టుకుని అతని చేతికి తిరిగి ఇచ్చింది.

అది ఖమ్మం దవాఖానావాళ్లిచ్చిన క్యాన్సర్ సూదిమందుల కార్డు.