వంత గొంతు

"గొంతు ఒక్కటే కావాలె కొడుకా. డోలు వద్దు, తాళాలు వద్దు. మా ఆయిన గొంతు ఒక్కటే."

కాశమ్మ ఆ మాట అడగడం ఇది మూడోసారి. రెండుసార్లూ కంప్యూటర్ బాగాలేదని చెప్పి పంపేశాడు సల్మాన్. ఈసారి ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది. వినకుండా లేచేటట్టు లేదు.

తాండూరులో ఒక నాపరాళ్ల దుకాణం పైన ఉంది సల్మాన్ స్టూడియో. కింద రాళ్లు కోసే మిషన్ ఆగినప్పుడే పైన రికార్డింగు. నిరుడు ఎండాకాలం యాలాల్ దగ్గరి పల్లె నుంచి గొర్లకాపర్ల జట్టు ఒకటి వచ్చి ఇక్కడే తమ కులదేవుడు బీరప్ప పాట పాడింది. కాశమ్మ భర్త బీరన్న డోలు కొడుతూ వంత పాడాడు. అతని తమ్ముడు పరమేశ్, ఇంకో ఇద్దరు పక్కన నిలబడి గొంతు కలిపారు. ఒక్కొక్కరికి ఒక్కో మైకు.

ఈ శ్రావణంలో మంద తోలుకొస్తుంటే పిడుగు పడి బీరన్న పోయాడు.

"ఫోన్ల పాట ఉంది గని, డోలు కింద ఆయిన గొంతు మునిగిపోతది" అంది కాశమ్మ. "రోజురోజుకు మర్శిపోతున్న కొడుకా. మొఖం యాదికొస్తది. గొంతు యాదికొస్తలేదు. వాకిట్ల నిలవడి నన్నెట్ల పిలుస్తుండెనో..."



సల్మాన్ కీబోర్డు మీద చేతులు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

మౌస్ ముట్టకుండా పాట మొత్తం మిక్స్ చేస్తాడని ఆ చుట్టుపక్కల అతనికి పేరు. కంట్రోల్ కీ పట్టుకుని ఒకటి నొక్కితే జట్టుకు ముందు పాడినాయన గొంతు. రెండు నొక్కితే బీరన్న డోలు, దానితో పాటే బీరన్న గొంతు. మూడు నొక్కితే మిగతా వంత. ఒక్కో అంకె ఒక్కో గ్రూపు; గ్రూపులో ఒకదాన్ని ముట్టుకుంటే తక్కినవీ దానితో కదులుతాయి. ఒక్కదాన్నే ముట్టుకోవాలంటే ముందు గ్రూపును విడదీసే కీ నొక్కాలి.

వానలు తగ్గాక, ఊరేగింపులో డీజేకు ఇదే పాట కావాలని ఒకాయన వచ్చాడు. డోలు ఇంకా గట్టిగా మోగాలన్నాడు. సల్మాన్ బీరన్న డోలు తీసేసి వేరే డోలు పెట్టాడు. చిటికెలో పని. ఆ తొందరలో విడదీసే కీ నొక్కలేదు. డోలుతో పాటు బీరన్న గొంతూ చెరిగిపోయింది. కాశమ్మ మొదటిసారి వచ్చి అడిగిన రోజున వెతికితే గాని అతనికి ఆ సంగతి తెలియలేదు.

పాత డిస్కులన్నీ తిరగేశాడు. రైలెక్కి వికారాబాద్ వెళ్లి, కంప్యూటర్లు బాగుచేసే తౌఫీక్ ముందు పొద్దంతా కూర్చున్నాడు.

"దాని మీద వేరే పాటలు ఎక్కినయ్ భాయ్" అన్నాడు తౌఫీక్ చివరికి. "ఇగ ఎవ్వరితోని కాదు."

ఆ మాట ఇప్పుడు కాశమ్మతో చెప్పాలి.

"పెద్దమ్మా, నేనొక మాట చెప్పాలె..."

"చెప్పు కొడుకా" అంటూనే ఆమె కొంగు వెనక్కి తోసి, చెవుల మీది వెంట్రుకలు సవరించుకుని, హెడ్‌ఫోన్ల కోసం తల ముందుకు వంచింది.



సల్మాన్ హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. కంట్రోల్ పట్టుకుని మూడు నొక్కాడు. గ్రూపును విడదీసే కీ ఈసారి మరవలేదు. పరమేశ్ పాడిన వరుస మీదికి వెళ్లి, అదొక్కటే వినిపించే కీ నొక్కాడు. అన్నదమ్ములు. గొంతులో ఎంతోకొంత పోలిక ఉండకపోదు. మర్చిపోతున్నానని ఆమే అన్నది కదా అనుకున్నాడు.

కాశమ్మ కళ్లు మూసుకుంది. మొదటి వంత వచ్చింది. ఆమె కళ్లు తెరుచుకున్నాయి. సల్మాన్ వంక చూసింది. కీబోర్డు మీదున్న అతని చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత మళ్లీ కళ్లు మూసుకుని, పాట చివరిదాకా అలాగే విన్నది. చెంపల మీదుగా నీళ్లు కారి గడ్డం దగ్గర ఆగాయి.

"గిదేనా పెద్దమ్మా?" అన్నాడు సల్మాన్.

"గిదే కొడుకా. మా ఆయిననే." ఆమె లేచి అతని తల మీద చెయ్యి వేసింది. "పుణ్యం కట్టుకున్నవ్. ఇంకొక్కసారి ఇంట. ఒక్కదాన్నే కూసోని ఇంట."

ఆమెను పాడేవాళ్ల గదిలో కూర్చోబెట్టి, స్పీకరులో పాట పెట్టి, తలుపు మూసి ఇవతలికి వచ్చాడు. ముఖం తుడుచుకున్నాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఆ గొంతు ఎక్కిస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు.

"మా వదినె ఏది అన్నా? కింద బండి పెట్టి ఎంతసేపని చూడాలె?"

పరమేశ్. ఆమెను బండి మీద తీసుకొచ్చింది అతనేనని సల్మాన్‌కు తెలియదు. ఆపేలోపే అతను తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. వెనక తలుపు మూసుకుంది.

లోపలి మైకు ఆన్‌లోనే ఉంది. సల్మాన్ హెడ్‌ఫోన్లు చెవికి ఆనించుకున్నాడు.

కాసేపు పాట ఒక్కటే వినపడింది. తర్వాత పరమేశ్ గొంతు లేచింది.

"వదినె, గిది అన్న గొంతు కాదు! నాది! గాయిన నిన్ను మోసం చేస్తుండు!"

"మెల్లగ మాట్లాడు పరమేశా, మొదటి మాట ఇనంగనే నాకు ఎరుకైంది గని, గా పిల్లగాని చేతులు గట్ల వణుకుతుంటే కాదని ఎట్లనాలె?"