నీలం వాన

"తలుపు వెయ్యమ్మా, ముందు తలుపు వెయ్యి!" అంటూ లోపలికొచ్చి పడింది కూతురు.

తల్లి తలుపు వెయ్యలేదు. ఆ తెలివి అప్పుడెక్కడిది? నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పొద్దున డ్యూటీకని వెళ్ళిన పిల్ల నెత్తి నుంచి పాదాల దాకా నీలంగా ఉంది. మొహం నీలం, మెడ నీలం, చెవి తమ్మెలు కూడా నీలం.

"ఏమైందే? ఎవరేం చేశారే నిన్ను?"

"హెలికాప్టరమ్మా. మిల్లు మూసెయ్యొద్దని గేటు ముందు కూర్చున్నాం. పైనుంచి మైకులో లేచిపొమ్మన్నారు. లేవలేదు. నెత్తిమీదికంటా దించి గాలి కొట్టారు. షెడ్డు రేకులు లేచిపోయాయి. ఒకరి చేతులొకరం పట్టుకుని అలాగే కూర్చున్నాం. అప్పుడు ఈ నీళ్ళు పోశారు."

"విషం కాదు కదా? కళ్ళు మండుతున్నాయా? ఊపిరాడుతోందా?"

"విషం కాదులే, రంగు. వారం దాకా పోదట. నీలం అంటినవాళ్ళని ఇంటింటికీ వచ్చి పట్టుకెళ్తారట. అదీ మైకులోనే చెప్పారు."

పట్టుకెళ్ళడం అన్న మాట తల్లి చెవిన పడింది. ఆమెకు కళ్ళముందు స్టేషనొక్కటే కనిపించి ఊరుకోలేదు. లాఠీ కనిపించింది, ఆసుపత్రి కనిపించింది, పైన కప్పే తెల్లగుడ్డ కూడా కనిపించింది. పిల్ల రెక్క పుచ్చుకుని స్నానాలగదిలోకి లాక్కుపోయింది.

మొదట సబ్బు. నురగ నీలంగా వచ్చింది గానీ ఒంటిమీది నీలం అలాగే ఉంది. సబ్బు అయ్యాక బట్టల సోడా. అదీ అయ్యాక కిరసనాయిలు. కిరసనాయిల్లో ముంచిన పీచుతో రుద్దితే అప్పుడు కాస్త కదిలింది. హెలికాప్టరు ఇళ్ళమీదుగా ఇంకా తిరుగుతూనే ఉంది. అది దగ్గరికొచ్చినప్పుడల్లా బకెట్లో నీళ్ళు వణికాయి. తల్లి లేచి కిటికీకి తువ్వాలు కట్టింది.

"అంత పైనుంచి స్నానాలగదిలోకి చూస్తారా అమ్మా?"

"మైకు పెట్టుకున్నవాళ్ళకి కళ్ళుండవా? నోర్మూసుకుని మెడ ఇటు తిప్పు."

"తోలు ఊడొస్తోంది."

"ఊడితే మళ్ళీ వస్తుంది. నువ్వు పోతే రావు."

"అందరికీ అంటింది. నేనొక్కదాన్నే ఇలా దాక్కుంటే..."

"ఆ అందర్నీ నేను కన్నానా? చెయ్యి చాపు."

రెండు గంటలు పట్టింది. చెవి మడతల్లో నీలాన్ని అగ్గిపుల్లకి దూది చుట్టి తీసింది. గోళ్ళ సందుల్లోది పిన్నీసుతో తీసింది. జుట్టుకి నూనె పట్టించి జడ బిగించింది. విడిచిన బట్టలు కాల్చేద్దామనుకుంది గానీ, పొగ వస్తే పైనుంచి కనిపిస్తుందని భయపడి, ముక్కలుగా చింపి దిండులో కుక్కి కుట్టేసింది. సూది గుచ్చిపెట్టేలోపే తలుపు చప్పుడైంది.

వచ్చింది ఇద్దరు పోలీసులు. ఒకాయన పెద్దవాడు, ఒకమ్మాయి.

"మిల్లులో పనిచేసే పిల్ల ఈమేనా?"

"ఇవాళ వెళ్ళలేదు సార్. జ్వరం. చూడండి మొహం ఎలా కందిపోయిందో."

పోలీసమ్మాయి పిల్ల గడ్డం పైకెత్తి చూసింది. చెవులు వంచి చూసింది, వేళ్ళ సందులు చూసింది, పాదాలు చూసింది. పెద్దాయన మంచం మీద చతికిలబడి, దిండు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమీ లేదు సార్," అంది పోలీసమ్మాయి.

"మరి ఈ కిరసనాయిలు కంపేంటి?"

"నల్లులు సార్. మంచానికి కొట్టాను."

పెద్దాయన దిండు అవతల పారేసి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. ప్యాంటు దులుపుకుంటూ, "కాసిని మంచినీళ్ళివ్వమ్మా. మధ్యాహ్నం నుంచీ ఈ మెట్లెక్కి దిగడంతోనే సరిపోయింది," అన్నాడు.

గండం గడిచిందన్న సంబరంలో తల్లి పరుగున వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి అందించింది. ఆయన అందుకోలేదు. గ్లాసు వంకే చూస్తున్నాడు.

గ్లాసు పట్టుకున్న వేళ్ళు నీలం. గోళ్ళు నీలం. ఏళ్ళ తరబడి అంట్లు తోమి పగిలిన చేతుల్లో ఒక్కొక్క పగులులోకీ నీలం దిగి కూర్చుంది. పిల్ల ఒంటిని వెంట్రుకంత మేర వదలకుండా వెతికిన మనిషి, తన చేతులు ఒక్కసారైనా చూసుకోలేదు.

"ఇదేంటమ్మా?"

"సార్, అదీ..." అంటూ కూతురు ముందుకొచ్చింది.

"నువ్వూరుకో!" తల్లి గట్టిగా కసిరింది. "నేనే వెళ్ళాను సార్ గేటు దగ్గరికి. దీని ఉద్యోగం పోతుందని కడుపు మండి వెళ్ళాను. ఇదా! వట్టి పిరికిది, గడప దాటలేదు."

"చేతులకే అంటిందా? మొహానికి అంటలేదా?"

"మొహం కప్పుకున్నాను సార్. చేతుల్తో."

ఆయన కూతురి మెడ మీద చెక్కుకుపోయిన తోలు చూశాడు. మళ్ళీ తల్లి చేతులు చూశాడు. చివరికి గ్లాసు అందుకుని నీళ్ళు తాగేశాడు.

"మాకు కావాల్సింది నీలం అంటిన మనిషి. ఎవరైతేనేం. నడువమ్మా."

కూతురు వెనకనుంచి వాటేసుకుంది. తల్లి ఆ చేతులు విడిపించుకుంది. "గ్యాసు కట్టెయ్యి. గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు," అని మెట్లు దిగింది.

కింద గుడారం గుడ్డ కప్పిన లారీ ఉంది. లోపల ఎలాంటివాళ్ళున్నారో, మిల్లు కుర్రాళ్ళు నెత్తురు కారుతూ పడున్నారేమో, వాళ్ళ మధ్య తనేమైపోతుందో! పోలీసు గుడ్డ పైకెత్తాడు. కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఆమెని పైకి లాగడానికి నాలుగైదు చేతులు ముందుకొచ్చాయి, అన్నీ మణికట్ల దాకా నీలం. లోపలున్నది ఆమె ఈడు ఆడవాళ్ళే, ఎవరి మొహం మీదా నీలం చుక్క లేదు.

ఒకామె జరిగి చోటిస్తూ అంది: "రా వదినా, ఇలా కూర్చో. నీకు కొడుకా, కూతురా?"